పెద్దల కూర

ఆ రోజుల్లో మా ఆరోగ్యశాఖకి తెలిసింది ఒకటే రోగం, ఒకటే మందు. రోగం కలరా, మందు బ్లీచింగు పౌడరు. ఎవరికి కడుపునొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా, పెళ్ళిలో పప్పు తేడా చేసి ఊరంతా చెంబులు పట్టుకుని పరుగెత్తినా, ముందు నూతిలో బ్లీచింగు కలిపి ఆ తరవాత ఏమైందని అడగడం మా పద్ధతి. నన్ను హెల్తు ఇనస్పెక్టరుగా నౌపడ పక్కన వేసిన కొత్తలో ఈ పద్ధతి మీద నాకు భక్తి కూడా ఉండేది. మాది విజయనగరంలో సంగీతం చెప్పుకుని బతికే కుటుంబం. మా తాతగారు అప్పటికే కాలం చేశారు కాబట్టి సరిపోయింది గానీ, తంబురా పట్టవలసిన చేత్తో పౌడరు డబ్బా పట్టుకున్నందుకు ఆయన నన్ను గుమ్మం ఎక్కనిచ్చేవారు కారు. (తంబురా పట్టుకున్నప్పుడు కూడా ఆయన నా గురించి పెద్దగా సంతోషించలేదు, అది వేరే సంగతి.)

పెద్దల అమావాస్య వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఒక రైతు సైకిలు మీద ఆయాసపడుతూ ఆఫీసుకి వచ్చి, "మా ఈదిలో జనానికి బాగునేదు బాబూ" అన్నాడు. మా ఆఫీసరుగారు తల ఎత్తకుండానే "కలరా" అన్నారు. అంతే, నేను బయల్దేరాను. నా వెంట డబ్బా మావ. ఆయన మా ఆఫీసు బంట్రోతు, డబ్బా మోయడం ఆయన ఉద్యోగం, దెయ్యాలకి భయపడడం ఆయన స్వభావం. ఉప్పు మడుల గట్టు మీదుగా నడక. వానాకాలం కదా, మడుల నిండా నీళ్ళు నిలిచి ఎండకి అద్దాల్లా మెరుస్తున్నాయి. కిందటి వేసవిలో తీసిన ఉప్పుని గుట్టలు పోసి తాటాకులు కప్పారు. దూరం నించి చూస్తే ముసుగేసుకుని కూచున్న మనుషుల్లాగే ఉన్నాయి. "నిన్న వొచ్చిన పెద్దలు ఇంకా ఎల్లుండరు బాబూ, మనకేటి తొందర" అని డబ్బా మావ ప్రతి గుట్ట దగ్గరా ఆగిపోతున్నాడు.

వీధిలోకి అడుగు పెట్టగానే నాకు తేడా తెలిసింది. కలరా వచ్చిన వీధికి ఒక వాసన ఉంటుంది, ఒక ఏడుపు ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. అంత ఎండవేళ ప్రతి ఇంటి తలుపూ ఓరగా మూసి ఉంది, లోపల చీకటి. చీకట్లోంచి మాటలు. ఏ గుమ్మం దగ్గర విన్నా ఒక్క గొంతే. ఆ గొంతు కాసేపు మాట్లాడుతుంది, ఆగుతుంది, "ఊఁ" అంటుంది, "మరే, అలాగే నాయనా" అంటుంది, మళ్ళీ మాట్లాడుతుంది. అవతలి మనిషి ఏమన్నాడో మాత్రం వినపడదు. ఒక అరుగు మీద ఒక తాత రెండు వేళ్ళ సందున బీడీ పెట్టుకుని హాయిగా దమ్ము లాగుతున్నాడు. పొగ లేదేమిటా అని దగ్గరికి వెళ్ళి చూస్తే బీడీ కూడా లేదు. నన్ను చూసి పక్కకి జరిగి, "కూకో బాబూ, మా అయ్య కూడా ఇప్పుడే వొచ్చేడు" అని నాకూ ఒక బీడీ అందించాడు. (నాకు బీడీ అలవాటు లేదు. లేని బీడీని వద్దనడానికి ఏమనాలో తెలియక "డ్యూటీలో ఉన్నానండీ" అన్నాను.) ఆయన తలెత్తితే చూశాను, కళ్ళల్లో నల్లగుడ్డు తప్ప మరేమీ లేదు.

పక్కింట్లో ఒకావిడ వరసగా విస్తళ్ళు పరిచి, ఎవరూ లేని ఒక విస్తరి ముందు కూచుని విసనకర్రతో విసురుతోంది. "మా అత్త బాబూ. బతికున్నన్నాళ్ళూ నా వొంట బాగుందని ఒక్కపాలి అన్నేదు. ఇప్పుడు మారు అడుగుతన్నాది" అని సంబరంగా చెప్పింది. ఇంకొకతను గాలిలోంచి దారప్పోగులు ఏరి జాగ్రత్తగా చేతికి చుట్టుకుంటున్నాడు. డబ్బా మావ నా చొక్కా పట్టుకుని, "బాబూ, ఈల్లకి సుట్టాలొచ్చేరు. మనం ఈయేళ ఎల్లిపోయి, ఆల్లు ఎల్లిపోనాక వొద్దాం" అన్నాడు. నాకూ అదే సబబుగా తోచింది గానీ గవర్నమెంటు ఉద్యోగం గుర్తొచ్చి ఆగాను.

ఇంతలో ఆ వీధికి పెద్ద, అందరూ పెద్దనాయుడు అని పిలిచే ఆయన తూలుతూ వచ్చి నన్ను తన ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడ చాప మీద ఆయన మనవరాలు పడుకుని ఉంది. చిన్న పిల్ల. ఒళ్ళు కాలిపోతోంది, మొహం ఎర్రగా కందిపోయింది, ఎంత పిలిచినా లేవడం లేదు. ఆ పిల్లని చూశాక నాకు నిజంగా భయం వేసింది. "రేతిరి మా అయ్య వొచ్చి నా పక్కనే కూకున్నాడు బాబూ" అన్నాడు పెద్దనాయుడు, "పెద్దలు నిజంగానే వొచ్చేరని ఈదంతా పండగ సేసుకున్నాం. కానీ పెద్దలైతే పసిగుంటని అట్టుకుపోరు గదా? ఇది ఆల్ల పని కాదు. ఎవులో సేసేరు." ఆ చివరి మాట అన్నాక ఆయన కొడుకు నేల చూపులు చూశాడు. చిల్లంగి అనే మాటని మా వైపు గట్టిగా అనరు. చేతబడి పేరు అది. పేరు పలికితేనే తగులుతుందని భయం. తూలకుండా నిలబడ్డ ఆ కొడుకునే సైకిలు ఎక్కించి డాక్టరుగారిని తీసుకురమ్మని పంపాను. ఆ రోజు మొత్తం మీద నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

తరవాత నాకు వచ్చిన పని చేశాను. వీధిలో ఉన్న నూతులన్నిట్లో బ్లీచింగు కలిపాను. నా దృష్టిలో రోగమంతా నీళ్ళలోనే ఉంది, మరెక్కడా ఉండడానికి మా శాఖ ఒప్పుకోదు. అందుకని దాహం వేస్తున్నా నీటిచుక్క ముట్టుకోలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆకలి తట్టుకోలేక వీధి చివరి ఇంటి అరుగు మీద కూలబడ్డాను. ఆ ఇంట్లో ఉండేది ఒక ముసలావిడ, వీధి అందరికీ పెద్దప్ప. కళ్ళకి పొర కమ్మి రెండూ పాలరంగులో ఉన్నాయి. వీధి మొత్తానికి స్పష్టంగా, నిదానంగా మాట్లాడుతున్న మనిషి ఆవిడ ఒక్కర్తే. నా అలికిడి విని, "ఎవులు బాబూ? పొద్దున్నించీ తిరగతన్నావు, ఏటైనా తిన్నావా?" అంది. ఆ మాటకే నాకు ప్రాణం లేచి వచ్చింది.

కంచంలో చద్దన్నమూ, ఆకుకూరా పెట్టింది. "పెద్దల కూర. నా వాటా" అంది. ఆ వీధి ఆచారం అప్పుడే చెప్పింది. పెద్దల అమావాస్య రోజున వీధంతటికీ ఒకటే కూర. విత్తనం వేసి పెంచిన ఆకు కాకూడదు, కొన్న ఆకు కాకూడదు, తనంత తాను మొలిచిన ఆకే కావాలి. వీధిలో అందరికంటే పెద్ద మనిషి తన చేత్తో కోసుకురావాలి. కోసిన మనిషి ఆఖరున, మర్నాడు తినాలి. "నిన్న అందరికీ అందరూ వొచ్చేరట బాబూ. నా కడుపున ఆఖర్న పుట్టిన గుంటడే రానేదు. కర్గపురం పనికెల్లి అక్కడే జొరమొచ్చి పోనాడు, ఆఖరి సూపు కూడా దక్కనేదు. అంత దూరం నించి రావొలె గదా, రైలు దొరకనేదో ఏటో. ఆడొస్తే పెడదావని నా వాటా అలాగే ఉంచేసేను." నేను ముద్ద నోటి దగ్గర ఆపేశాను. ఆవిడకి కనపడకపోయినా తెలిసినట్టుంది. "తిను నాయనా. బతికుంటే ఆడూ నీ ఈడోడే. ఆకలితో ఉన్నోన్ని కూకోబెట్టి రానోడికోసం దాసుకుంటే పెద్దలు ఒప్పరు" అంది. కూర చేదుగా ఉంది. ఆ మాటే అంటే, "పెద్దల కూర సేదుగానే ఉంటాది మరి" అంది. ఆకలి మీద ఉన్నానేమో, మారు వడ్డించుకున్నాను. ఆవిడ మంచినీళ్ళ చెంబు అందిస్తే మాత్రం, "వద్దు పెద్దప్పా, నీళ్ళతోనే ప్రమాదం" అని ఎంతో తెలివిగా తిరస్కరించాను.

భోజనం అయ్యాక వీధి మధ్య చావిడిలో విచారణ మొదలుపెట్టాను. తక్కువ తిని కాస్త తేరుకున్న వాళ్ళంతా వచ్చి కూచున్నారు. వెలుతురు పడక అందరూ తలల మీద తువ్వాళ్ళు కప్పుకున్నారు. అందులో ఒక వడ్రంగి తన ఒళ్ళో పట్టుకారు పెట్టుకుని కూచున్నాడు. మేకులు పీకే పట్టుకారు. అదెందుకని అడిగితే, "సిల్లంగోల్ల పళ్ళు పీకేస్తే మంత్రం నోట తిరగదు బాబూ" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, పండగ ముందు తలుపు బాగుచేయడానికి వచ్చినవాడు పని సంగతి చెప్పినట్టు చెప్పాడు. డబ్బా మావ నా వెనక్కి నక్కాడు. అయినా శిక్షణలో నేర్పిన ప్రశ్నలు నోటికొచ్చి ఉన్నాయి కాబట్టి ఆపకుండా అడిగేస్తున్నాను. నిన్న అందరూ కలిసి తిన్నదేమిటి? పెద్దల కూర. తినని వాళ్ళు ఎవరైనా ఉన్నారా? పక్క వీధివాళ్ళు, వాళ్ళకి ఏమీ కాలేదు. వాళ్ళు నీళ్ళెక్కడ తోడుకుంటారు? ఈ నూతుల్లోనే. ఒక్కొక్క జవాబుకీ నా కలరా ఒక్కొక్క అడుగు వెనక్కి వెళ్ళిపోతోంది, జనం ఒక్కొక్క అడుగు ముందుకి జరుగుతున్నారు. "మేం రేతిరి నించీ ఒకలినొకలం అడుగుతన్నది ఇదే బాబూ" అన్నాడు పెద్దనాయుడు. "నువ్వు సదువుకున్నోడివి, సక్కగా అడుగుతన్నావు. అడుగు."

ఆకు ఎక్కడ కోశారని అడిగాను. ఆ యేడు వానలు ఆలస్యంగా పడ్డాయి, గట్ల మీద పొన్నగంటికూరా చెంచలికూరా ఏవీ మొలవలేదు, శ్మశానం వెనక దిబ్బ ఒక్కటే పచ్చగా ఉంది, అక్కడే కోశారన్నారు. కోశాక ఎవరూ ఏరలేదా అంటే, "పెద్దల చెయ్యి కోసిన ఆకుని ఏరకూడదు బాబూ, ఆల్లని అనుమానించినట్టు" అని నొచ్చుకున్నారు. అయితే కోసిందెవరు? తువ్వాళ్ళ కింద తలలన్నీ వీధి చివరికి తిరిగాయి. వడ్రంగి పట్టుకారు తిరగేస్తూ, "ఈదంతటికీ సోకింది. పెద్దప్పకి సోకనేదేటి బాబూ?" అని మెల్లిగా అడిగాడు.

అప్పటికి నాకు అర్థమైంది. రోగం ఆకులో ఉంది. ఆకు కోసిన చేతికి కళ్ళు లేవు. ఆ సంగతి నేను నోరు తెరిచి చెప్తే వీళ్ళకి అందులో వినపడేది ఒక్క ముక్కే, పెద్దప్ప పేరు. ఆ తరవాత పట్టుకారు పని చూసుకుంటుంది. చెప్పకపోతే మిగిలిన కూర రాత్రికి మళ్ళీ ఎవరో తింటారు. ఏదో ఒకటి చెప్పి ఆవిణ్ణి కాపాడాలని లేచి నిలబడ్డాను. "వినండి" అనబోయాను. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. నోట్లో ఒక్క చుక్క తడి లేదు. గుండె దడదడలాడుతోంది, ఉప్పు మడుల మీది మెరుపు చావిడిలోకి వచ్చి కళ్ళల్లో గుచ్చుకుంటోంది. నేను తిన్నది కూడా ఆ కూరేనని అప్పుడు గుర్తొచ్చింది. (మారు వడ్డించుకున్న సంగతి కూడా.) సర్దుకుని జనం వైపు తిరిగేసరికి, బ్లీచింగు డబ్బా మీద మా తాతగారు కూచుని ఉన్నారు.

జరీ అంచు ఉత్తరీయం, విభూతి రేఖలు, ఒళ్ళో తంబురా. ఏమీ తేడా లేదు, నా వైపు చూసే చూపుతో సహా. "ఏరా, ఇదేనా నువ్వు వెలగబెడుతున్నది?" అన్నారు. "గవర్నమెంటు ఉద్యోగం తాతగారూ" అన్నాను. "నూతిలో సున్నం కలపడానికి గవర్నమెంటు ఎందుకురా?" అన్నారు. అది సున్నం కాదని, క్రిములు చస్తాయని వివరంగా చెప్పాను. ఆయన చేతితో ఆపి, "సరే, షడ్జం పట్టు" అన్నారు. ఆయన పట్టమంటే పట్టకుండా ఉండే ధైర్యం నాకు ఏనాడూ లేదు. పట్టుకారు ఒళ్ళో పెట్టుకున్న మనిషి ముందు, తువ్వాళ్ళు కప్పుకున్న జనం ముందు, నేను కళ్ళు మూసుకుని "సా" అని అందుకున్నాను. "శ్రుతి లేదు, మళ్ళీ" అన్నారు తాతగారు. మళ్ళీ అందుకున్నాను. అలా ఎంతసేపు పాడానో నాకు తెలియదు.

ఆ తరవాత జరిగింది డబ్బా మావ చెప్తే తెలిసింది. వడ్రంగి లేచి వచ్చి, నా గడ్డం పట్టుకుని ఎండకేసి తిప్పి, నా కళ్ళల్లోకి చాలాసేపు చూశాడట. "ఈ బాబు తిన్నాడు. ఎక్కడ తిన్నాడు?" అని అడిగాడట. డబ్బా మావ అప్పటికే ఏడుస్తున్నాడు. "పెద్దప్ప కాడ. అది తినడానికి దాసుకున్న వాటాయే మా బాబుకి ఎట్టేసింది. ఇప్పుడు ఈ బాబుని ఆల్ల అమ్మకి నానేటని అప్పసెప్పాలి!" అన్నాడట. వడ్రంగి అలాగే నిలబడి, కొలత సరిచూసుకుంటున్నవాడిలా కాసేపు ఆలోచించి, "అయితే ముసిల్ది తినబోయిందీ ఇదే గదా. ఇసం కలిపినోలెవులైనా తమ వాటా తమకి ఎత్తిపెట్టుకుంటారేటి? పైగా ఈ బాబు మీద దానికేటి కక్ష, ఈయేళే గదా మొగం సూసింది?" అన్నాడట. పట్టుకారు తీసి మొలలో దోపుకున్నాడట. పెద్దనాయుడు తువ్వాలుతో ముఖం కప్పుకుని, "ఒరే, ముందు ఆ మిగిలిన కూర పారబొయ్యండిరా" అన్నాడట.

పొద్దు వాలకముందే డాక్టరుగారి జీపు వచ్చింది. ఆయన ఆ పిల్ల కళ్ళు చూశారు, అరుగు మీది తాత కళ్ళు చూశారు, కూర పారబోసిన కుండ అడుగున అంటుకున్న ఒక ఆకు తీసి నీళ్ళలో పరిచి చూశారు. ఉమ్మెత్త. పువ్వు రాకముందు లేత మొక్క, మిగిలిన ఆకుల్లో కలిసిపోయింది. దిబ్బ దగ్గరికి అందర్నీ తీసుకెళ్ళి మొక్క చూపించి, ఇది ఎవరి చెయ్యీ కాదు, ఆకు గుణం అని విడమరిచి చెప్పారు. ఇక మీదట పెద్దల చెయ్యి కోసినా సరే, కళ్ళున్నవాళ్ళు ఏరి తీరాలని వీధి చేత ఒట్టు పెట్టించారు. నా దగ్గరికి వచ్చేసరికి నేను ఇంకా షడ్జంలోనే ఉన్నానట. "శాంపిలు సీసాలో పట్టాలయ్యా, కడుపులో కాదు" అని, గొట్టం వేసి కడుక్కోవలసినవన్నీ కడిగించారు. (ఆ గొట్టం సంగతి నేను ఇక్కడ రాయను.) ఆ రాత్రంతా ఆయన ఆ పిల్ల పక్కనే ఉన్నారు. తెల్లారగట్ల ఆ పిల్ల కళ్ళు తెరిచి గంజి అడిగింది. పెద్దనాయుడు ఏడ్చిన ఏడుపు వీధి చివరిదాకా వినపడింది. అంతవరకూ ఆ వీధివాళ్ళల్లో ఎవరూ ఏడవలేదు.

పొద్దెక్కాక నేను చావిడిలోనే తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకుని ఉంటే, కర్ర చప్పుడు చేసుకుంటూ పెద్దప్ప వచ్చి పక్కన కూచుంది. నా నుదురు తడిమి చూసింది. తన చెయ్యి వల్ల జరిగిందని ఆవిడకి ఎవరో చెప్పే ఉంటారు. దాని గురించి ఏమన్నా అంటుందేమో, ఏమని ఓదార్చాలా అనుకుంటున్నాను. ఆవిడ అడిగింది అది కాదు.

"బాబూ, నువ్వు తిన్నది నా వాటా గదా. మా గుంటడు నీకేటైనా అగుపడ్డాడేటి?"

నాకు కనపడింది మా తాతగారు. తాతగారు తప్ప ఇంకెవరూ లేరు. ఉమ్మెత్త తింటే అలా అవుతుందనీ, ఎవరూ ఎక్కడి నించీ రారనీ పొద్దున్నే డాక్టరుగారు నాకు శాస్త్రం కూడా చెప్పారు. ఆవిడ పాలరంగు కళ్ళు నా ముఖం మీద ఉన్నాయి. "కనపడ్డాడు పెద్దప్పా" అన్నాను.

"వొచ్చేడూ? బాగున్నాడా?"

"బాగున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తలకి నూనె రాసుకుని దువ్వుకున్నాడు. నవ్వుతున్నాడు."

"మీసం ఉన్నాదేటి?"

"ఉంది పెద్దప్పా, ఒత్తైన మీసం" అన్నాను ఉత్సాహంగా.

పెద్దప్ప నవ్వింది. ఉన్న ఆ కాసిని పళ్ళూ కనపడేలా నవ్వింది. "ఆడికి మీసం రానేదు బాబూ. మీసం రాకముందే ఎలిపోనాడు" అంది. నేను సిగ్గుతో తడిగుడ్డ ముఖం మీదికి లాక్కున్నాను. ఆవిడ ఆ గుడ్డ మెల్లిగా తీసేసి, ఇంకాస్త దగ్గరికి జరిగింది. "పోనీలే. మీసంతో బాగుంటాడు. ఇంకోపాలి సెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను. ఆవిడ అడిగినన్నిసార్లూ చెప్పాను. గుమ్మం, నూనె తల, నవ్వు, మీసం. ఆ తరవాత ఆ దారిన డ్యూటీ పడ్డప్పుడల్లా ఆవిడ ఇంటికి వెళ్ళి చెప్పి వచ్చేవాణ్ణి, ఆవిడ ఉన్నన్నాళ్ళూ. అదేం చిత్రమో గానీ, ఆ రోజు డబ్బా మీద అంత స్పష్టంగా కూచున్న మా తాతగారి రూపం ఇప్పుడు ఎంత తలుచుకున్నా మసకగానే ఉంటుంది. నేను ఎన్నడూ చూడని ఆ అబ్బాయి మాత్రం, పిలవకపోయినా, ఏ మధ్యాహ్నమో కునుకు పట్టేవేళ మా గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతూ ఉంటాడు. నేనూ నవ్వుతాను. ఈ మధ్య అతని మీసంలో కూడా తెల్లవెంట్రుకలు కనపడుతున్నాయి. ఇద్దరం ఒక ఈడువాళ్ళమే కదా.